అంతోణి వాకిట్లో పడవ

కోవిల్పట్టి,
8-9-2024, ఆదివారం

తమ్ముడు అంతోణికి,

మరియతల్లి పుట్టినరోజు పూజ చూసుకుని వచ్చి రాస్తున్నాను. నీ పేరు, కలైసెల్వి పేరు, మీ పాప అరుళ్‌మేరి పేరు చెప్పి ఒక మైనపువత్తి వెలిగించాను.

మొన్న ఫోనులో, "నాకప్పుడు ఆరేండ్లే అక్కా, వేంబారులో ఎట్లుండేదో చెప్పు" అన్నావు. ఫోనులో నువ్వు అరుస్తావు, నాకు మాట రాదు. నాయన నేర్పిన తెలుగు అక్షరాలు ఉన్నాయి కదా, రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

ఒక పొద్దు చెప్తాను. అందులో విశేషమేమీ లేదు. మే నెల సెలవులు. సముద్రం ఒడ్డున సవరిముత్తు మామ ఇంటి వెనక తాటాకు పందిరి కింద పడుకున్నాం. అమ్మ నా కాలి బొటనవేలు లాగి లేపింది. పిలిస్తే నువ్వూ చిన్నక్కా లేస్తారని. అత్త ఇత్తడి చెంబులో కరుపట్టి బెల్లం కాఫీ ఇచ్చింది. చెంబు కాలుతోందని పావడ అంచుతో పట్టుకున్నాను. నాయన మిల్లుకు వేసుకునే కాకీ నిక్కరుతో, తెరచాప చుట్ట భుజాన వేసుకుని ముందు నడిచాడు. మిల్లు గుడ్డతో ఆయనే కుట్టిన తెరచాప. గంజి వాసన ఇంకా పోలేదు. నా తల మీద మంచినీళ్ళ కుండ, అమ్మ చేతిలో పులిసన్నం మూట, చంకలో నువ్వు. చిన్నక్కను ఎప్పటిలాగే అత్త దగ్గర నిద్రలో వదిలేశాం. ఇసక చల్లగా ఉంది. మోకాలి లోతు నీళ్ళలో నడిచి మన పడవ ఎక్కాం. నాయన సిలువ గుర్తు వేసుకుని, పడవ ముక్కును ఎద్దును తట్టినట్టు తట్టాడు. నేల మీది నుంచి చిన్న గాలి వచ్చింది. తెరచాప పటపట కొట్టుకుంది, తర్వాత నిండింది. అది నిండగానే చప్పుడంతా ఆగిపోతుంది. నువ్వు అప్పళం కొరుకుతూ వెనక్కి చూసి, "ఊరు పోతుండాది!" అని ఏడ్చావు. పోతున్నది మనమని నాయన ఎంత చెప్పినా నమ్మలేదు. నవ్వి నవ్వి అమ్మకు వెక్కిళ్ళు వచ్చాయి. ఎండ ఎక్కకముందే తిరిగొచ్చాం. అంతే.

నాయన పోయాక ఆ పడవను మామ కొడుకులు వాడుకున్నారు. ఇప్పుడు వాళ్ళు ఫైబర్ పడవ కొని, మనది మనకు ఇచ్చేశారు. లారీ మీద నీ వాకిట్లోకి తెచ్చుకున్నావు. దాన్ని మళ్ళీ సముద్రంలో దించుతావా, కయత్తారు రోడ్డు హోటలాయన అడిగాడంటున్నావే, అతనికిస్తావా? అమ్మ అడగమంది. "వాడు కొయ్యపనోడు, బాగుచేస్తాడులే" అని జవాబు కూడా తనే చెప్పుకుంది.

దేవుడు తోడుండాలి.

నీ పెద్దక్క
మిక్కేలమ్మాళ్


విరుదునగర్,
16-9-2024

పెద్దక్కకు స్తోత్రం.

నీ ఉత్తరం వీళ్ళిద్దరికీ చదివి వినిపించి చెడిపోయాను. షెడ్డులో లారీ కదిలితే చాలు, నా కూతురు "నాయనా, ఊరు పోతుండాది!" అంటోంది. పనివాళ్ళు కూడా నేర్చుకున్నారు.

పడవ వచ్చినప్పటి నుంచి మా వాకిట్లో మనుషులు గోడ పట్టుకుని పక్కకు నడుస్తున్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, "ఏమి అంతోణి అన్నా, విరుదునగర్‌కి సముద్రం వస్తుండాదా?" అని అడుగుతారు. "వచ్చేదాకా మిరపకాయలు ఎండబెట్టుకుంటాం" అని నీ మరదలు జవాబిస్తుంది. నిజంగానే ఎండబెడుతోంది. నాయన కూర్చున్న బల్ల మీద ఇప్పుడు మిరపకాయలు కూర్చున్నాయి.

హోటలాయన టేపు పట్టుకుని వచ్చి కొలుచుకుపోయాడు. హోటలు వాకిట నిలబెట్టి, లోపల ఐసు పోసి, చేపలు పరుస్తాడంట. వచ్చినోళ్ళు ఫోటో దిగుతారంట. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. తీర్పు కలైసెల్వి చెప్పేసింది: "ఈస్టర్ లోపల అది నీళ్ళలో దిగాల. దిగకుంటే హోటలుకి పోవాల. నా వాకిలి నాకు కావాల." న్యాయమే కదా, ఏమనగలను?

పని మొదలుపెట్టాను. పాత రంగు గీకి చూశాను. పలకల మధ్య సందుల్లో వేలు దూరుతోంది అక్కా. ఎన్నేళ్ళ ఎండో! అయితే నేనెవణ్ణి? లారీ బాడీలు కట్టి బతికేవాణ్ణి. బాడీకి పూసే గట్టి లప్పం, పట్టీ అంటామే, ఎండితే రాయి, అది మూడు పూతలు దట్టించాను. ఇప్పుడు నీళ్ళు కాదు, చీమ కూడా దూరదు.

ఇంకా చాలా ఉంది. అంచు చుట్టూ చిన్న లైట్లు పెడుతున్నాను. అమ్మకు మెత్త వేసిన బల్ల. ఎండ తగలకుండా పైన ఒక పందిరి గుడ్డ, అది నువ్వే కుట్టాలి. సిస్టర్ల మఠంలో అంతమంది పిల్లలకు కుట్టు నేర్పుతావు, నీకదెంత పని? కొలతలు అట్టముక్క మీద రాసి ఇందులో పెట్టాను.

నీ తమ్ముడు
అంతోణి


కోవిల్పట్టి,
27-9-2024

తమ్ముడికి,

అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమం.

గుడ్డ కుట్టాను. నీలిరంగు. అంచుకు రెండు వరసల కుట్టు వేశాను. మీ బావ స్నేహితుడొకాయన శనివారం అటు వస్తున్నాడు, అతనితో పంపుతాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లైట్లు ఉన్నాయి, మెత్త ఉంది, పందిరి ఉంది. తెరచాప మాట ఒక్కటి కూడా లేదు. అర్థమైంది. హోటలాయనకు ఒక మాట చెప్పు. రోడ్డు దుమ్ములో ఈ గుడ్డను నెలకొకసారి ఉతకాలి, పిండకూడదు.

నేనేమీ తప్పుగా అనుకోలేదు. పడవ నీ చేతికి ఇచ్చాం.

అమ్మ మాత్రం, "లైట్లు పెడ్తాడంటనా? పడవా అది, పెండ్లి మంటపమా?" అంది.

నీ నడుము నొప్పి కోసం జపం చేస్తున్నాను. బరువులు ఎత్తకు.

నీ పెద్దక్క


విరుదునగర్,
5-10-2024

పెద్దక్కకు,

గుడ్డ చేరింది. బాగుంది. కానీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు.

ఏ హోటలు అక్కా? ఎవరిచ్చారు హోటలుకు? నేనిక్కడ ఉలి పట్టుకుని అరచేతులు బొబ్బలెక్కించుకుంటుంటే, నువ్వు కోవిల్పట్టిలో కూర్చుని నా పడవను హోటలు ముందర నిలబెట్టేశావే! లైట్లు ఫోటోలకు కాదు. పొద్దు గుంకి తిరిగొస్తే వేరే పడవలవాళ్ళకు మనం కనపడాలని. మెత్త అమ్మ మోకాళ్ళ కోసం. పందిరి కూడా అమ్మ కోసమే.

తెరచాప మాట ఎందుకు రాయలేదంటే, దాన్ని నడిపేవాళ్ళు ఎవరు? నాకు రాదు. నాయన నేర్పేలోపే పోయాడు. సవరిముత్తు మామా పోయాడు. ఆయన కొడుకులు పుట్టినప్పటి నుంచి ఇంజన్ తాడు లాగినవాళ్ళే. ఆ విద్య నాయనతోనే పోయింది. అందుకని ఇంజన్ పెడదామనుకున్నాను. ఇంజన్ పెట్టినా అది నాయన పడవే కదా?

ఒకవేళ నీకే అది హోటలుకు పోతే మేలని ఉందేమో. ఉంటే నేరుగా చెప్పెయ్. నువ్వు రెండు మాటలు రాసి ఊరుకుంటే, మిగిలిన పది మాటలు నేను ఊహించుకోవాల్సి వస్తోంది. నేను ఊహించుకునేవన్నీ చెడ్డవే.

అంతోణి


కోవిల్పట్టి,
21-10-2024

తమ్ముడికి,

నాకు హోటలు వద్దు. పడవ సముద్రంలోకి పోవాలి. నిన్ను నొప్పించాను, మనసులో పెట్టుకోకు.

ఆ విద్య పోయిందని రాశావు. పోలేదు.

ఇక్కడ మూడు రోజులుగా వాన. ఒట్టపిడారం దోవలో మీ బావ కౌలుకు చేస్తున్న చేను చూడ్డానికి పొద్దున పోయాం. మొన్నటి ఎండకు పడిన నెర్రెల్లో మేక కాలు దిగబడేది. ఇప్పుడు ఒక్క నెర్రె కూడా లేదు. కరిసల్ నల్లమట్టి నీళ్ళు తాగి, ఉబ్బి, తనే మూసుకుంది. అక్కడ గట్టు మీద నిలబడ్డప్పుడు నీ పట్టీ గుర్తొచ్చింది. కొయ్య కూడా అంతే కదా. సందులన్నీ రాయిలాంటిదానితో నింపేస్తే, పలక ఉబ్బినప్పుడు ఎటు పోతుంది?

పట్టీ అంతా తీసేయి. అంతవరకు పడవను వానలో ఉంచకు. కప్పు. ఈ ఉత్తరం అందిన వెంటనే.

నీ పెద్దక్క


విరుదునగర్,
22-10-2024

పెద్దక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు. నా మీద కోపమేమో. ఇక కోపం అక్కర్లేదు, అంతా అయిపోయింది.

నిన్నంతా, మొన్నంతా వాన. మంచి పరీక్ష అనుకున్నాను. లోపల పడిన నీళ్ళు బయటికి కారకుంటే నా పట్టీ గెలిచినట్టే కదా అని, పడవను మూయకుండా వదిలేశాను. ఒక్క చుక్క కారలేదు. కలైసెల్విని పిలిచి చూపించాను కూడా. ఈ పొద్దున షెడ్డుకు బయల్దేరుతుంటే వెనక నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు. తిరిగి చూస్తే అడుగు పలక మేకులు ఊడబెరుక్కుని బయటికి వచ్చి, నిలువునా చీలిపోయింది. పట్టీ పెళ్ళలు పెళ్ళలుగా వాకిలంతా పడింది. వాన నీళ్ళన్నీ ఒక్కసారిగా వంటింట్లోకి పోయాయి.

కలైసెల్వి తిట్టలేదు. అదే భయంగా ఉంది. గోనెసంచి తెచ్చి నీళ్ళు తుడుస్తూ, "సముద్రం వచ్చేసినాది, ఇంక మిరపకాయలు తీసేయాల్సిందే" అంది.

ఇరవై ఏళ్ళుగా కొయ్యపని చేస్తున్నాను. నాయన పడవను నా చేతులతోనే పగలగొట్టాను. హోటలాయనకు ఫోను చేశాను. ఆయనకు చీలినా పరవాలేదంట, చీలిన వైపు గోడకు తిప్పి పెడతాడంట. నవంబరు పదో తేదీ ఆదివారం లారీ పంపుతాడు.

అమ్మకు నువ్వే చెప్పు.

అంతోణి


కోవిల్పట్టి,
26-10-2024

తమ్ముడికి,

మన ఉత్తరాలు దోవలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది ఇప్పుడు నీకు అంది ఉంటుంది. నాలుగు రోజుల ముందే రాసి ఉండాల్సింది. సరి.

అమ్మకు చెప్పాను. "పలకే కదా, ఇంకోటి వేస్తే పోతాది. వంటిల్లు ఆరిందా?" అని అడిగింది.

నువ్వు పగలగొట్టలేదు. లారీ ఎప్పుడూ నానదు, పడవ ఎప్పుడూ నానుతుంది. నీకు తెలిసింది లారీ. నాయన ఎట్లా చేసేవాడో చెప్తాను. వేంబారు చేరిన రోజున ఆయన కూడా సందులు చూసేవాడు, వేలు దూరేది. మిల్లు నుంచి తెచ్చిన దూదిని వత్తిలా పేని, సందులో వదులుగా వొత్తేవాడు. నూనెలో కాచిన గుగ్గిలం పైన పూసేవాడు. తర్వాత లోతు లేని చోట రాళ్ళు పెట్టి పడవను నీళ్ళలో ముంచేసేవాడు. రెండు మూడు రోజులు అది అట్లా మునిగే ఉండేది. చిన్నక్క ఒడ్డున నిలబడి మన పడవ చచ్చిపోయిందని ఏడ్చేది. పలకలు నీళ్ళు తాగి, దూదిని నొక్కుకుని, ఒకదానికొకటి అతుక్కునేవి. అప్పుడు పైకి తీసి నీళ్ళు తోడేసేవాళ్ళం.

పలకకు చోటు వదలాలి. అంతే సంగతి.

తొమ్మిదో తేదీ శనివారం పొద్దున బస్సుకు నేను వస్తున్నాను. దూది తెస్తాను. గుగ్గిలం నువ్వు కొనిపెట్టు. హోటలాయనకు ఫోను చేసి, ఆదివారం మనింట్లో పని ఉందని చెప్పు.

కలైసెల్విని నాకోసం వేరే వంట చేయొద్దను. రసం చాలు.

నీ పెద్దక్క


విరుదునగర్,
20-1-2025

పెద్దక్కకు స్తోత్రం.

నువ్వు వచ్చి వెళ్ళి రెండు నెలలు దాటినా ఇక్కడ నీ మాటే. నువ్వు కొంగు నడుముకు చెక్కి పడవ కింద వెల్లకిలా పడుకుని దూది వొత్తిన సంగతిని కలైసెల్వి వీధిలో అందరికీ నటించి చూపిస్తోంది. ఫోను చేసి చెప్పినా హోటలాయన లారీతో వచ్చి, నీ కాళ్ళు మాత్రమే బయటికి కనపడితే, "ఎవరికేమయింది?" అని భయపడ్డాడు కదా, అది కూడా.

పడవ సిద్ధం అక్కా. కొత్త పలక వేశాను, రాగి మేకులతో. ముంచడానికి మాకు సముద్రం లేదు కాబట్టి లోపల తడి గోనెలు పరిచి, బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు, అన్నీ దానికే పోస్తున్నాం. సందులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అరుళ్‌మేరి రోజూ కాలేజీకి పోయే ముందు వేలు పెట్టి చూసి, "ఇది మూసుకునింది నాయనా" అని చెప్పి పోయేది. నీ మరదలు పడవకు నీళ్ళు పోయకుండా కాఫీ తాగడం లేదు. పైకి మాత్రం ఈస్టర్ గడువు ఈస్టర్ గడువే అంటుంది.

ఇప్పుడు ఒక చిక్కు. తూత్తుక్కుడి నుంచి వాడిన ఇంజన్ ఒకటి తెచ్చాను, నచ్చకుంటే తిరిగి తీసుకుంటారు. దాన్ని బిగించాలంటే పడవ వెనక కొయ్యను కోసి, చుక్కాని తగిలించే ఇత్తడి కొక్కేలు పీకేయాలి. ఒకసారి కోస్తే మళ్ళీ చుక్కాని పట్టదు. తెరచాప ఇక ఉండదు. రంపం మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను, మూడుసార్లు కింద పెట్టాను.

విద్య పోలేదని రాశావే, అది పట్టుకుని రెండుసార్లు వేంబారు పోయాను. నువ్వు ఎవర్ని మనసులో పెట్టుకుని రాశావో తెలియక ఒడ్డున ఉన్న ముసలోళ్ళందరినీ అడిగాను. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు అడగాల్సింది, దూది పనిలో మర్చిపోయాను.

ఇరవై ఆరు ఆదివారం మీరందరూ అక్కడ కలుస్తున్నారు. చిన్నక్క తిరుత్తంగల్ నుంచి వస్తోంది కదా. కలైసెల్వి, పిల్ల వస్తారు. నేను రాలేను, రెండు లారీలు సోమవారానికి ఇవ్వాలి. మీరు కూర్చుని తేల్చండి. తెరచాప నడిపే మనిషి ఉంటే ఇంజన్ తిరిగిచ్చేస్తాను. లేకుంటే కోస్తాను. మీరు ఏది చెబితే అది. నాకు మాత్రం ఆ కొయ్య కోయాలని లేదు, అది నీకు తెలియాలని రాస్తున్నాను.

అంతోణి


కోవిల్పట్టి,
27-1-2025

తమ్ముడికి,

నిన్న సాయంత్రం కాఫీ అయ్యాక అందరం ముందు గదిలో కూర్చున్నాం. అరుళ్‌మేరి నీ ఉత్తరం గట్టిగా చదివింది. నేను గోడకు ఆనుకుని జపమాల చెప్పుకుంటున్నాను.

మీ బావ ముందు మాట్లాడాడు. "ఇంజనే మేలు. తాడు లాగితే పోతాది, ఆపితే నిలస్తాది. గాలిని ఎవరు నమ్మేది?"

"వేంబారులో తెలిసినోళ్ళు ఒక్కరూ లేరా?" అని చిన్నక్క అడిగింది.

"ఆయన అందర్నీ అడిగేసినాడు వదినె" అంది కలైసెల్వి. "తెలిసినోళ్ళు ఇద్దరే. ఒకాయనకి చెవి వినపడదు, ఒకాయనకి కన్ను కనపడదు. ఇద్దర్నీ కలిపి ఎక్కిస్తే ఒక మనిషి అవుతారు."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"మనిషి మనిషి అని ఊర్లన్నీ తిరుగుతారేమి? ఈడ గోడకి ఆనుకొని జపమాల తిప్పుతుండాది కదా!"

అందరూ నావైపు తిరిగారు.

"పెద్ద వదినెనా?" అంది కలైసెల్వి.

"ఆ, మీ పెద్ద వదినే. మీ మామకి కన్ను వాచి కట్టు కట్టిన ఏడాది సెలవులంతా చుక్కాని పట్టింది ఎవరనుకున్యావు? కన్ను బాగయినాక కూడా ఆయన మళ్ళీ తీసుకోలేదు. ముందర తెరచాప తాడు పట్టుకొని కూచుని, 'అంతా నా కూతురు చూసుకుంటాది' అని చుట్ట కాల్చేవాడు. సవరిముత్తు చేపలు పట్టను పోతా, 'ఏమి మిక్కేలా, గాలి ఎట్లుండాది?' అని దీన్నే అడుగుతాడు, ఆయన్ని కాదు."

మీ బావ ముఖం నువ్వు చూడాల్సింది. "ముప్పై అయిదేండ్లు నాతో కాపురం చేసినాది, ఒక్క మాట చెప్పలేదే!"

"మీరు అడిగితిరా?" అంది అమ్మ.

అంతోణి, "పోలేదు" అని రాసినప్పుడు "ఎవరు?" అని అడుగుతావనుకున్నాను. నువ్వు వేంబారు పోయావు. నేనే అని రాయడానికి కలం కదల్లేదు. నువ్వు మనిషి అన్నప్పుడల్లా నీ కళ్ళ ముందు మీసాలున్న మనిషి ఉన్నాడని తెలుసు. మీసాలు లేకపోవడం ఒక్కటే తక్కువ అని నాకు నేను చెప్పుకుని నవ్వుకున్నాను. కానీ ఆ పడవ మళ్ళీ నా చేతి కింద కదలాలని ఎంత ఉందో నిన్న అమ్మ చెప్పేదాకా నాకే తెలియలేదు.

కలైసెల్వి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇప్పుడు కూడా చేతనవుతాదా వదినె?" అని మెల్లగా అడిగింది.

మిగిలిన పూసలు ముగించి చెప్పాను. "చేతనవుతుంది. భయంగా కూడా ఉంది."

"అట్లయితే సరి. భయం లేనోళ్ళ పడవలో నేను ఎక్కను" అంది.

తర్వాత తేల్చుకున్నవి ఇవి. ఇంజన్ తిరిగిచ్చెయ్. వెనక కొయ్య మీద రంపం పెట్టకు, కొక్కేలకు నూనె రాసి ఉంచు. తెరచాప నేను, చిన్నక్క కలిసి కుడతాం. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టలాదివారం లోపే పడవ వేంబారు చేరాలి, నాయన చేసినట్టు నీళ్ళలో ముంచి ఉంచాలి. అది దిగినట్టే లెక్క అని కలైసెల్వి ఒప్పుకుంది. ఈస్టర్ మరునాటి పొద్దున బయల్దేరతాం, ఒడ్డు కనపడేంత దూరమే. అందరికీ లైఫ్ జాకెట్లు. మామ కొడుకుల ఫైబర్ పడవ వెనకే రావాలని మీ బావ పట్టుబట్టాడు, రానివ్వు. నువ్వు తాడు పట్టుకుని ముందర కూర్చుంటావు. నాయన కూర్చున్నచోట. చుక్కాని నీకు నేర్పుతాను, కానీ మొదటి రోజు కాదు. హోటలాయనకు కలైసెల్వే ఫోను చేసి, కావాలంటే వేంబారు వచ్చి ఫోటో దిగమంది.

అన్నీ అయ్యాక అరుళ్‌మేరి అడిగింది, "నీకేమి కావాల అత్తా?" అని. పడవ కదిలినాక ఎవరూ నాకు సలహా చెప్పకూడదు అన్నాను. అమ్మ సరే అంది, చిన్నక్క సరే అంది. మీ బావ చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఆయన కూడా ఒప్పుకున్నాడు.

నీ పెద్దక్క
మిక్కేలమ్మాళ్